పాత అమెరికా రోడ్ అట్లాస్: ఆఖరి పేజీ చినిగొచ్చింది, అయినా మూడు స్టార్లు

మొదలే చెప్తున్న, ఇది కొత్త పుస్తకం గాదు, సెకండ్ హ్యాండ్ అమెరికా రోడ్ అట్లాస్. ఆన్‌లైన్‌ల పాత పుస్తకాలు అమ్మేటోళ్ల దగ్గర కొన్న, 640 రూపాయలు, డెలివరీకి ఇంకో 80. హన్మకొండకు రావడానికి పన్నెండు రోజులు పట్టింది, ఆఖరి రోజు కొరియర్ పిలగాడు నయీంనగర్ల నిలబడి నాలుగుసార్లు ఫోన్ చేసిండు, సార్ మీ ఇల్లు మ్యాప్‌ల చూపిస్తలేదు అని, నేను బ్రిడ్జి దాటి లెఫ్ట్ తిరుగు, పిండి గిర్నీ పక్క సందు అంటే వాడు రైట్ తిరిగిండు. ఎనిమిది లక్షల మంది ఉన్న సిటీల ఇల్లు దొరకక తిరిగొచ్చిన ప్యాకెట్ల ఏం ఉన్నది అంటే అమెరికాల ఇద్దరే ఉన్న ఊరు కూడ ఎక్కడుందో చూపించే పుస్తకం. గది తర్వాత చెప్త.

ముందు ప్యాకింగ్ సంగతి. అట్లాస్ అంటే మామూలు బుక్ గాదు కదా, పెద్ద సైజు, మన పాత కాలెండర్ మడిచినంత ఉంటది, దాన్ని ఒక్క పల్చని ప్లాస్టిక్ కవర్ల పెట్టి పంపిన్రు, అట్ట లేదు ఏం లేదు. నాలుగు మూలలు వంగినయ్. పిన్నులు తుప్పు పట్టి నడిమి షీట్లు ఊగుతున్నయ్. అన్నిటికన్న పెద్ద దెబ్బ ఏందంటే ఆఖరి షీట్ సగం చినిగిపోయింది, రాష్ట్రాలు ఏబీసీడీ లెక్కన ఉంటయ్ కాబట్టి అలబామా ముందు, వ్యోమింగ్ చివర, అంటే నాకు వ్యోమింగ్ సగమే వచ్చింది. అమ్మేటోళ్ల పేజీల "గుడ్ కండిషన్" అని రాసిన్రు. గుడ్ అంటే వాళ్ల లెక్కల ఏందో.

ఎందుకు కొన్న అంటే మా తమ్ముని కొడుకు మిస్సోరి రాష్ట్రంల మేరీవిల్ అనే ఊర్ల ఎమ్మెస్ చదువుతున్నడు. వాడు పోయిన కాడ్నుంచి మా మరదలు ఒక్కటే అడుగుతది, బావా ఆ ఊరు పెద్దదేనా, మనోళ్లు ఉంటరా, దవాఖాన ఉంటదా అని. నేను ముప్పై ఏండ్లు సోషల్ చెప్పిన సారును, పిల్లలకు ప్రెయిరీ గడ్డి భూములు, గోధుమ పంట అని నోట్స్ రాయించిన, కని మేరీవిల్ ఎంత ఊరు అంటే నాకేం తెలుసు. ఫోన్ల చూస్తే వస్తది నిజమే, కని ఫోన్ల మ్యాప్ అంటే తాళం సందులకెల్లి ఇల్లు చూసినట్టు, వేలు పెట్టి పెద్దగ చేస్తే పక్క ఊరు పోతది, చిన్నగ చేస్తే మన ఊరు పోతది. నాకు కాయితం మీద పరిచి చూడాలె. రిటైరై ఆరేండ్లాయె, టైం మస్తుంది.

ఇగ పుస్తకం సంగతి. నా కాపీ పాతది, జనాభా అంకెలన్నీ 2000 సెన్సస్‌వి. పేజీకో రాష్ట్రం, పెద్ద రాష్ట్రాలకు రెండు మూడు పేజీలు, పక్కన సన్నని అక్షరాల్ల ఊర్ల పేర్లు, ఒక్కో పేరు ఎనక జనాభా, తర్వాత గడి నంబరు. గీ జనాభా రాసుడే ఈ పుస్తకానికి ప్రాణం. అక్షరాలు మాత్రం చీమ తలకాయంత, నేను మా మనుమరాలి భూతద్దం తీసుకోని చదివిన, దానికి స్కూల్ ప్రాజెక్ట్ ఉందట, రోజు గొడవ. మేరీవిల్ దొరికింది, పదివేల చిల్లర. మా నర్సంపేట కంటె చిన్నది అని మరదలికి చెప్తే ఆమె మొఖం చిన్నగైంది, గంత దూరం పంపింది గంత చిన్న ఊరికా అని. తప్పు చేసిన, చెప్పకుండ ఉంటే అయిపోవు.

ఇంకో లోపం, ఇది పెద్ద లోపమే, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో స్కేలు. పేజీకి పట్టాలె కాబట్టి చిన్న రాష్ట్రాన్ని సాగదీసి పెద్ద రాష్ట్రాన్ని కుదించిన్రు, పేజీలు తిప్పుకుంట పోతే రోడ్ ఐలాండ్ కూడ నెబ్రాస్కా అంత కనపడతది. స్కూల్ల పిల్లలకు మొట్టమొదట చెప్పేది స్కేల్ చూడుండ్రా అని, నేనే రెండు రోజులు మోసపోయిన. కింద గీత చూస్కోని దారం పెట్టి కొలుసుకోవాలె.

నెబ్రాస్కా పేజీ దగ్గర మాత్రం నేను వారం రోజులు ఆగిపోయిన. మిస్సోరికి పైన మూలకు ఆనుకోనే ఉంటది, మావోని ఊరికి దగ్గర. తెలంగాణ 1,12,077 చదరపు కిలోమీటర్లు, నెబ్రాస్కా రెండు లక్షలు దాటుతది, అంటే మనకు ఒకటిముప్పావు రెట్లు. జనం? 2000ల 17 లక్షలు, 2020ల కూడ 20 లక్షల లోపే. మనం 2011లనే మూడున్నర కోట్లు. ఆ ఉన్నోళ్లల్ల కూడ సగం కంటె ఎక్కువ తూర్పు అంచుకు ఒమాహా, లింకన్ చుట్టుపక్కలనే. పడమరకు పోయినకొద్ది పేజీ తెల్లగైతది. అచ్చు తప్పేమో, ఇంకు సరిగ పడలేదేమో అనుకున్న నేను. కాదు, ఊర్లే లేవు. సాండ్‌హిల్స్ అంటరు, ఇసుక దిబ్బల మీద గడ్డి మొలిచిన జాగ, ఆవుల మేపుడు తప్ప వేరే పని లేదు. అండ్ల చెర్రీ కౌంటీ అని ఒకటుంది, కౌంటీ అంటే మన జిల్లా లెక్క, 15 వేల చదరపు కిలోమీటర్ల పైన. ఆరు ముక్కలు కాకముందు మన పాత వరంగల్ జిల్లా మొత్తం 12,846. వరంగల్ జిల్లాల 2011ల 35 లక్షల మందిమి, చెర్రీ కౌంటీల 2000ల ఆరువేల చిల్లర, తర్వాత అదీ తగ్గింది. కాజీపేట స్టేషన్ల పండుగ ముందు రోజు ప్లాట్‌ఫారం మీద గంతమంది ఉంటరు.

ఇప్పుడు ఆ ఇద్దరు మనుషుల ఊరు. నెబ్రాస్కా పైన, సౌత్ డకోటా బార్డర్ కాడ బాయ్డ్ కౌంటీ, మిస్సోరి నదికి నయోబ్రారా నదికి దగ్గర్ల, 12 నంబర్ రోడ్డు మీద ఒక చిన్న గుండ్రని చుక్క. భూతద్దం ఎం అక్షరం దగ్గర జరుపుకుంట పోతుంటే "మోనోవి, 2" అని ఉన్నది. 200 లేకపోతే 2,000 ఉంటది, సున్నాలు ఎగిరిపోయినయ్ అనుకోని కళ్లద్దాలు తుడుచుకోని మల్ల చూసిన. రెండే. మావోనికి వాట్సాప్‌ల ఫోటో పంపితే "పెద్దబాపు అది మోనోవి గాదు మోనోవై అంటరు, మస్తు ఫేమస్, ఇప్పుడు రెండు కూడ కాదు ఒకటే" అన్నడు.

వాడే పోయినేడు సెమిస్టర్ అయిపోయినంక దోస్తులతోని సౌత్ డకోటాల కొండకు ప్రెసిడెంట్ల మొఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూడనీకి పోయేటప్పుడు నా పోరు పడలేక ఆ దారిల పోయిండు. ఒమాహా నుంచి మూడు గంటల పైన డ్రైవ్, ఆ తొవ్వల పెట్రోల్ బంక్ కనిపిస్తె ట్యాంక్ నింపుకోని పోవాలట, మల్ల ఎప్పుడొస్తదో తెల్వదు. ఫోటో పంపిండు, ఆకుపచ్చ హైవే బోర్డు, ఇంగ్లీష్‌ల మోనోవై అని, దాని కింద 1. ఎనక గడ్డి, గడ్డెనక ఆకాశం, ఒక తెల్ల రేకుల ఇల్లు. ఇరవై రెండేండ్ల పోరగాండ్లు నలుగురు ఆ బోర్డు పట్టుకోని నిలబడ్డరు, అంటే ఆ నిమిషం ఊరి జనాభా ఐదింతలైంది. అక్కడ ఉన్న ఒక్క బార్ వీళ్లు పోయిన రోజు బంద్ ఉండె, బర్గర్ తిందామనుకున్నరు, చిప్స్ తిని ఎల్లిపోయిన్రు.

ఆ ఒక్కరు ఎల్సీ ఐలర్ అని ఒక పెద్దావిడ, పేపర్లల్ల టీవీలల్ల మస్తుసార్లు వచ్చింది. 2000 సెన్సస్‌ల ఆమె, ఆమె భర్త రూడీ ఇద్దరే, నా అట్లాస్‌ల ఉన్న 2 అదే. 2004ల ఆయన పోయిండు, 2010 సెన్సస్‌ల 1 అయింది. ఊరికి మేయర్ ఆమెనే, క్లర్క్ ఆమెనే, ట్రెజరర్ ఆమెనే, బార్ నడిపేది ఆమెనే. ఏటా లిక్కర్ లైసెన్స్ కాయితం రాష్ట్రం నుంచి ఊరికి వస్తదట, క్లర్క్‌గ ఆమె అందుకోని, సంతకం పెట్టి, బార్ ఓనర్‌గ తనకు తనే ఇచ్చుకుంటదట. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీస్‌ల ఒక్క సంతకానికి మూడు టేబుళ్లు తిరుగుతం, ఆమె మూడు టేబుళ్లు తనే. భర్త పుస్తకాలు చదివే మనిషి, ఆయన పోయినంక ఆయన పుస్తకాలు ఒక షెడ్‌ల పెట్టి రూడీస్ లైబ్రరీ అని బోర్డు పెట్టింది, 5,000 దాక పుస్తకాలు ఉంటయట. ఊర్ల నాలుగు వీధి దీపాలు. వాటి పైసల కోసం ఏటా ఊరి రోడ్ల ప్లాన్ రాసి రాష్ట్రానికి పంపాలె, అది కూడ ఆమెనే రాసేది.

ఇంతదాక బానే ఉన్నది. 2020 సెన్సస్‌ల మోనోవై జనాభా మల్ల 2 అని వచ్చింది! ఎవరో వచ్చిన్రేమో అనుకున్న. ఎవరూ రాలే. ఉన్నది తనొక్కదాన్నే అని ఆమెనే చెప్పింది. సంగతేందంటే అమెరికా సెన్సస్ ఆఫీసోళ్లు ఈసారి డిఫరెన్షియల్ ప్రైవసీ అని ఒక పద్ధతి పెట్టిన్రు, చిన్న ఊర్ల అంకెలను కావాలనే అటు ఇటు జరుపుతరు, అంకె చూసి ఆ మనిషి వయసెంత, జాతేంది అని ఎవరూ పట్టుకోకుండ. రాష్ట్రం మొత్తం లెక్క మాత్రం ముట్టుకోరు, అది ఉన్నదున్నట్టే. కింద ఊర్లల్లనే ఈ కల్తీ. ఒక్క మనిషి ఉన్న ఊర్ల ఆమె ఎవరో దాచాలంటే ఇంకో మనిషిని పుట్టించాలె కదా మరి. బోర్డు మీది 1 తనే అయిన ఆమెను, ప్రపంచం మొత్తం ఫోటో తీసుకోని పోయిన ఆమెను దాచుడేంది అని నాకు నవ్వొచ్చింది, కొద్దిగ కోపం కూడ వచ్చింది.

కోపం ఎందుకంటే నేను 1991, 2001, 2011 మూడు సెన్సస్ డ్యూటీలు చేసిన మనిషిని. ఒక్క మనిషి ఎక్కువ రాస్తే సూపర్‌వైజర్ పెన్సిల్ గీసి మల్ల పంపేటోడు. 2011ల ఫిబ్రవరి 9 నుంచి 28 దాక డ్యూటీ, నాకు వెంకటాపూర్ దిక్కు బ్లాక్ పడ్డది, ఇప్పుడది ములుగు జిల్లా. ఊరికి దూరంగ చెరువు కట్ట అవతల ఒక్క గుడిసె, అండ్ల ఒక ముసలవ్వ. ఎండల మూడు కిలోమీటర్లు నడిచి పోయిన, ఒక్క మనిషి కోసం. ఫారంల కుటుంబ పెద్ద ఎవరు అని ఒక కాలమ్ ఉంటది, అవ్వా ఇంటికి పెద్ద ఎవరే అంటే "నేనే పెద్ద, నేనే చిన్న, రాస్కో" అన్నది. వయసు అడిగితే రజాకార్ల లొల్లప్పుడు పెండ్లీడుకొచ్చిన అన్నది, దాన్ని పట్టుకోని లెక్క కట్టి 78 అని రాసిన. ఆ ఎనక నా చేతిల ఉన్న బాటిల్ల చల్ల పోసిచ్చింది. ఆ ఒక్క లైన్ కోసం ఒక ఫారం షీట్ మొత్తం పోయింది, మిగతా ఖాళీలన్ని అడ్డంగ కొట్టేసిన. గట్ల రాసినోనికి లెక్కల లేని మనిషిని కలుపుతరు అంటే మింగుడు పడతదా.

మావోడు మాత్రం "పెద్దబాపు నీకు తెల్వది, డేటా దొంగలు మస్తుమంది ఉన్నరు, రెండు మూడు లిస్టులు పక్కపక్కన పెట్టి మనిషిని పట్టేస్తరు" అని గంటసేపు చెప్పిండు. వాడు చదివేది అదే సబ్జెక్ట్. సగం ఒప్పుకున్న.

మన దగ్గర రెవెన్యూ రికార్డుల్ల బేచిరాగ్ గ్రామం అని ఒక మాట ఉంటది, మా తాత పట్వారి కాబట్టి చిన్నప్పటి సంది విన్న. ఊరి పేరు ఉంటది, సర్వే నంబర్లు ఉంటయ్, నక్ష ఉంటది, మనుషులే ఉండరు. ఉర్దూల చిరాగ్ అంటే దీపం, దీపం వెలిగించేటోడు లేని ఊరు అన్నట్టు. 2011 సెన్సస్‌ల దేశం మొత్తం మీద 6,40,867 గ్రామాలుంటే అండ్ల 43 వేల పైన గిట్ల జనం లేనియే. వాటికి కూడ కోడ్ నంబరు ఉంటది. మన దగ్గర జనం పోయినా ఊరు పేరు కాయితంల బతుకుతది, అక్కడ ఒక్క మనిషి ఉన్నా మేయరు, బడ్జెట్టు, నాలుగు లైట్లు. నెబ్రాస్కాల విలేజ్‌గ రిజిస్టర్ కావాలంటే కనీసం 100 మంది ఉండాలె, ఒక్కసారి అయినంక తగ్గితే వెంటనే తీసెయ్యరు. 2018ల మన దగ్గర 500 జనం ఉన్న తండాలను గ్రామ పంచాయతీలు చేస్తే గంత చిన్నవాటికి సర్పంచులా అన్నోళ్లున్నరు, వాళ్లకు ఈ పేజీ చూపియ్యాలె.

ఎందుకు ఖాళీ అయినయ్ అనేది కూడ ఈ అట్లాస్‌లనే కనపడతది, జర ఓపిక పట్టి చూస్తే. నెబ్రాస్కాల రోడ్లు చూడుండ్రి, గళ్ల లుంగీ పరిచినట్టు ఉంటయ్, తూర్పు పడమర, ఉత్తరం దక్షిణం, వంకర లేదు. మైలు పొడుగు మైలు వెడల్పు గడి అంటే 640 ఎకరాలు, దాన్ని నాలుగు చేస్తే 160, 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక్కో కుటుంబానికి ఇచ్చింది ఆ 160 ఎకరాలే. మన నక్షల సర్వే నంబర్లు కుండ పగిలిన పెంకులోలె ఉంటయ్, చెరువును బట్టి, వాగును బట్టి, ఎవని తాత ఎక్కడ గట్టు పెట్టిండో దాన్ని బట్టి. మన ఊరు చెరువు పక్కన పుట్టింది, కాకతీయుల చెరువు ఇంకా ఉన్నది, ఊరు కూడ ఉన్నది. వాళ్ల ఊరు రైలు పట్టా పక్కన పుట్టింది. మోనోవైకి 1900ల మొదట్ల రైలొచ్చింది, గింజలు పశువులు ఎక్కించనీకి ఊరు లేచింది, 1930లల్ల 150 మంది దాక ఉండేటోళ్లట. తర్వాత కార్లొచ్చినయ్, ట్రాక్టర్లొచ్చినయ్, పది కుటుంబాలు దున్నే భూమి ఒక్కడు దున్నుతున్నడు, 160 ఎకరాలు అక్కడ ఏం సరిపోవు. 1967 నుంచి 1970 నడుమ కిరాణాలు, పోస్టాఫీసు పోయినయ్, 1974ల బడి పోయింది, ఆ రైలు లైను కూడ పోయింది. మా కాజీపేట కూడ రైలు పెట్టిన ఊరే, కని అక్కడ జంక్షన్ ఉన్నది, అది వేరే కథ. అదే బాయ్డ్ కౌంటీల గ్రాస్ అని ఇంకో ఊరుంది, 2010ల ఇద్దరు. మొత్తం కౌంటీల 2020ల 1,810 మంది, మా కాలనీల వాటర్ ట్యాంక్ కింద ఓట్లు ఇంతకంటె ఎక్కువ. మోనోవై అంటే పువ్వు అట, అక్కడి ఆదివాసుల మాట, అడివి పూలు మస్తు పూసేటియట ఆ జాగల.

ఇగ వ్యోమింగ్ లొల్లికొస్తా. అక్కడ లాస్ట్ స్ప్రింగ్స్ అని ఒక ఊరుంది, 2000 సెన్సస్‌ల జనాభా 1. నా అట్లాస్‌ల అది చూద్దామంటే చినిగిన సగంల పోయింది. మావోన్ని వాళ్ల కాలేజీ లైబ్రరీల చూడురా అంటే అక్కడ కొత్త ఎడిషన్ ఉండె, అండ్ల 4 అని ఉన్నది, ఫోటో తీసి పంపిండు. పదేండ్లల్ల నాలుగింతలు పెరిగిందా అంటే అది గాదు, 2000ల కూడ మేం నలుగురమే ఉన్నం, ఒక్కరని తప్పు రాసిన్రు అని అప్పటి మేయరమ్మ లొల్లి చేసింది. ముగ్గుర్ని మర్చిపోయిన ఆ ఎన్యూమరేటర్ ఎవడో గని, మా సూపర్‌వైజర్ చేతుల పడితే ఉండేది. అదే రాష్ట్రంల బుఫర్డ్ అని ఒక్కడే ఉన్న ఇంకో జాగను 2012ల వేలం పెడితే వియత్నాం ఆయన 9 లక్షల డాలర్లకు కొనుక్కోని కాఫీ అమ్మకానికి పెట్టిండు. ఊరు మొత్తం వేలం! హన్మకొండల ఇప్పుడు రెండొందల గజాల ప్లాట్ రేటు వింటే అదేం ఎక్కువ అనిపించదు.

అమ్మినోళ్లకు చినిగిన పేజీ ఫోటో పెట్టి మెసేజ్ చేసిన, మూడు రోజులకు రిప్లై, "పాత పుస్తకం కదా సార్, అడ్జస్ట్ కాండ్రి" అని. మల్ల గట్టిగ రాస్తే 100 రూపాయలు వాపస్ వేసిన్రు. అంటే మొత్తం 620 పడ్డది నాకు.

ఎవరు కొనాలె అంటే, పిల్లలను మిస్సోరి, నెబ్రాస్కా, కాన్సస్ గిట్ల చిన్న ఊర్ల కాలేజీలకు పంపిన తల్లిదండ్రులు వద్దు, పరేషాన్ అయితరు. దారి వెతుక్కోనీకి అసలే వద్దు, రోడ్లు మారినయ్. మ్యాప్ ముందట కూసోని పొద్దుపోయేటోళ్లు, సోషల్ సార్లు, గ్రూప్స్‌కు చదివే పిలగాండ్లు తీసుకోవచ్చు. కొనేముందు మాత్రం ఆఖరి షీట్ ఫోటో అడగండి, పిన్నుల కాడ ఫోటో అడగండి. ప్యాకింగ్‌కు ఒక స్టార్ కట్, పేజీకి ఒక స్టార్ కట్. వచ్చినంక మొదలు రెండు రోజులు దిండు కింద కాదు, పరుపు కింద పెట్టుండ్రి, మూలలు సాపైతయ్. నేను మోనోవై పక్కన పెన్సిల్‌తోని 2, 1, 2 అని వరుసగ రాసుకున్న.

హన్మకొండ, వరంగల్‌ల ఎవరి దగ్గరన్న వ్యోమింగ్ షీట్ సక్కగున్న పాత కాపీ ఉంటే కింద చెప్పుండ్రి, ఇంటికొచ్చి జిరాక్స్ తీసుకోని అప్పుడే వాపస్ ఇస్త, రెండు దిక్కుల, ఏ3 సైజు.